బిలాస్‌పూర్ పెరటిలో ఒక చిన్న అతిథి

గత జనవరి మాసంలో వారం రోజులు సెలవు పెట్టి, అక్కయ్యను, బావగారిని చూచి వచ్చుటకు బిలాస్‌పూర్ వెళ్ళాను. విశాఖపట్నంలో కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్‌ల మీదుగా మరునాటికి అక్కడికి చేరవచ్చు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు 1891లో ప్రధాన మార్గాన్ని పూర్తిచేసింది. ఆ పట్టాల వెంట ఉద్యోగాలకై తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు కొన్ని తరతరాలుగా అక్కడే స్థిరపడినాయి. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ పట్టణమే ప్రధాన కేంద్రం.

బావగారిది పాత క్వార్టరు. వెనుక విశాలమైన పెరడు, అందులో మామిడి, జామ, నిమ్మ చెట్లు. ప్రతి ఉదయం ఆయన ఒక పళ్ళెంలో నూకలు పోస్తారు. పిచ్చుకలు, పావురాలు, గోరింకలు వచ్చి కోలాహలం చేస్తాయి. కాని మామిడి కొమ్మల్లో ఆకునుండి ఆకుకు చరచర తిరుగుతున్న ఒక చిన్న పిట్ట మాత్రం పళ్ళెం వంక చూడనైనా చూడలేదు. పిచ్చుక కంటె చిన్నది. వీపు మాసిన ఆకుపచ్చ, కంటిపై తెల్లని గీత. ఆంగ్లంలో గ్రీనిష్ వార్బ్లర్ అంటారు. వేసవిలో హిమాలయాలలోను, ఆపై ఉత్తర దేశాలలోను గూడు కట్టి, శీతకాలానికి మన ద్వీపకల్పానికి వస్తుంది. పది గ్రాములైనా తూగని ప్రాణి, ఏ పాసూ లేకుండా ఇంత దూరం ప్రయాణం చేస్తున్నదన్నమాట!

“ఏమోయ్ ఇంజనీరూ, దానిని క్రిందికి దింపగలవా?” అన్నారు బావగారు. నేను పళ్ళేన్ని చెట్టుకు ఎత్తున వ్రేలాడదీశాను. నూకలు మార్చి కొర్రలు పోశాను. మూడు దినాల శ్రమకు పావురాలు లావెక్కడం తప్ప ఫలితం లేదు. లోపం పళ్ళెంలో లేదు, నా ఆలోచనలో ఉంది. సూదివంటి ఆ ముక్కు గింజలు నమలడానికి కాదు, ఆకుల అడుగున పురుగులను ఏరడానికి ఏర్పడింది. అమెరికాలో పైన్ వార్బ్లర్ వంటివి పశువుల కొవ్వు ముద్దలకు వస్తాయట. మన ఎండకు, మన ఇళ్ళకు అది పనికిరాని ఉపాయం.

నాల్గవ నాడు, కారుతున్న పెరటి కుళాయికి వాషరు మార్చుదామని స్పానరు పట్టుకుని బయలుదేరాను. “ఉండరా తమ్ముడూ, కాస్త చూడు” అని అక్కయ్య ఆపింది. కుళాయి క్రింది రాతి పళ్ళెంలో ఆ పిట్టే రెక్కలు విదిలిస్తూ స్నానం చేస్తున్నది! గింజలకు రానిది, పడుతున్న నీటిచుక్క చప్పుడుకు వచ్చింది.

వాషరు మార్చక తప్పలేదు. బదులుగా పాత కుండ అడుగున సన్నని రంధ్రం చేసి, నూలు వత్తి దూర్చి, జామకొమ్మకు కట్టాము. క్రింద రెండు అంగుళాల లోతుకు మించని మూకుడు, అందులో ఒక గరుకు రాయి. సెకనుకు ఒక చుక్క చొప్పున గంటకు సుమారు 200 మిల్లీలీటర్లు. పగలంతటికీ రెండు లీటర్లు చాలు. దోమలు పెరుగకుండా మూకుడు నీరు దినదినం మార్చాలి.

ఇంకొక మాట. నిమ్మ చెట్టు గొంగళి పురుగులకై బావగారు మందు డబ్బా కొని ఉంచారు. అదే చెట్టుకు రెండాకులు కలిపి కుట్టిన పాత గూడు వ్రేలాడుతున్నది. అది కిందటి వానకాలం దర్జీ పిట్ట కట్టినది. ఆ పురుగులే దాని పిల్లల అన్నం. గూడు చూపగానే బావగారు మారుమాటాడక డబ్బాను మూలన పెట్టారు.

ఆయన మార్చిలో పదవీ విరమణ చేయవలసి ఉంది. క్వార్టరు అప్పగించే జాబితాలో ఫ్యాన్లు, బల్బులు, కుళాయిలు ఉంటాయి. పిట్టకు గడి ఉండదు. “తరువాత వచ్చేవారు ఈ కంచె కొట్టివేస్తే?” అని తిరుగు ప్రయాణం నాటి రాత్రి ఆయన అడిగితే నాకు సమాధానం తోచలేదు. ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది. తాళంచెవులతో పాటు కుండను కూడా కొత్తవారి చేతికిచ్చి, వత్తి మార్చే విధానం చూపి వచ్చారట.

మన టౌన్‌షిప్పులోనూ పెరళ్ళున్నాయి, పాత కుండలూ ఉన్నాయి. వచ్చే శీతకాలానికి ఒకటి కట్టి చూడవలసిందిగా సోదర ఉద్యోగులను, వారి కుటుంబాలను కోరుచున్నాను.