రాత్రి షిఫ్టు, టీషర్టుల వ్యాపారం

ఉక్కునగరంలో నివసించే ఒక యువ క్రేన్ ఆపరేటరు తలనొప్పితో నా వద్దకు వచ్చాడు. రక్తపోటు సరిగానే ఉంది. ఆర్డరు వచ్చాకే టీషర్టుపై బొమ్మ అచ్చువేయించి పంపే వ్యాపారం ఆరంభించాడట. సి షిఫ్టు ముగించుకొని వచ్చి పడుకొన్నా, ఉదయం 11 గంటలకే లేచి డిజైన్లు గీస్తాడు. రాత్రి 10కి మళ్లీ షిఫ్టు. తెల్లవారుజామున 4 అయ్యేసరికి అతడు మేలుకొని 17 గంటలు. అంతసేపు మేలుకొన్నవారి చేతి పనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన పరిశోధన తెలిపింది. ఆ సమయంలో అతని చేతిలో ఉండేది క్రేను!

ఈ వ్యాపారంలో అచ్చు, రవాణా ఇతరులవి. తాను నిద్రించినా ఆర్డరు ఆగదు. కనుక సి షిఫ్టు వారంలో డిజైన్లు వద్దని, షిఫ్టుకు ముందు సాయంత్రం మరికొంత నిద్ర తప్పదని చెప్పాను.

“దసరా ఆ వారమే వచ్చిందండీ, డాక్టరుగారూ” అన్నాడు.

బొమ్మలన్నీ ముందువారమే గీసిపెట్టుకోమన్నాను.