పేరు పెట్టని పిల్ల

చీర మీద రెండు స్వెట్టర్లు, వాటి మీద నా రెయిన్‌కోటు, నెత్తికి మంకీ టోపీ. జూలైలో బోస్టన్ రేవు దగ్గర అమ్మ అవతారం అది. ఒడ్డు దాటితే చలేస్తుందని ఎవరో అన్న మాటను నేను కొంచెం ఎక్కువే నమ్మినట్టున్నాను.

అమ్మ సముద్రం మీదికి వెళ్లడం అదే మొదటిసారి. మాది బయ్యారం. మాకున్న సముద్రం ఊరి పెద్ద చెరువే. జోకు కాదు, దాని అసలు పేరే ధర్మకీర్తి సముద్రం. పదమూడో శతాబ్దంలో కాకతి గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించింది. అక్కడి శాసనంలో వెన్న అనే ఆయన దగ్గర్నుంచి మొదలుపెట్టి కాకతీయుల వంశం మొత్తం వరసగా ఉంటుంది. ఆ చెరువు కట్ట మీదే పెరిగాను కానీ, శాసనంలో ఏముందో తెలిసింది మాత్రం బోస్టన్ వచ్చాక, ఒక పుస్తకంలో చదివి.

స్టెల్‌వాగన్ బ్యాంక్ చేరడానికి గంటన్నర పట్టింది. అదొక నీటి కింది ఇసుక దిబ్బ, హిమనదాలు వదిలేసి పోయింది. ప్రవాహాలు దాన్ని గుద్దుకుని పైకి లేస్తాయి, వాటితో పాటు మేతా పైకొస్తుంది. అందుకే అక్కడికి సన్నచేపలు, వాటి కోసం తిమింగలాలు. 1992లో దాన్ని రక్షిత ప్రాంతం చేశారు. దారి పొడుగునా అమ్మ అల్లం మురబ్బా చప్పరిస్తూ కూర్చుంది. రెండు వాంతులు చేసుకున్నది మాత్రం నేను.

ముందు ఊపిరి కనిపించింది. దూరంగా ఆవిరి లేచినట్టు. అందరూ ఒక పక్కకే ఉరికారు, పడవ కొద్దిగా ఒరిగింది. ఆర్టీసీ బస్సు కంటే పొడుగున్న నల్లటి వీపు మెల్లగా తేలి, వంగి, లోపలికి జారిపోయింది. దాని పక్కనే చిన్న వీపు ఇంకొకటి. గాలి ఇటు తిరగ్గానే కుళ్లిన చేపల వాసన గుప్పుమంది. ఫోటోల్లో ఈ వాసన రాదు.

"చేప కాదమ్మా, పాలిస్తది," అన్నాను.

"పాలిస్తదా? మరి తల్లీబిడ్డే!" అని అమ్మ రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత కూర్చోలేదు.

మైకు పట్టుకున్న గైడ్ అమ్మాయి చెప్తుంటే నేను తెలుగు చేస్తూ పోయాను. తోక కింది నలుపు తెలుపు మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, వాటిని బట్టే ఒక్కోదాన్నీ గుర్తుపడతారు. వీపు రెక్క మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి మచ్చలున్న ఒక ఆడ తిమింగలానికి 1970లలో సాల్ట్ అని పేరు పెట్టారు. దాని పిల్లల్లో క్రిస్టల్, టబాస్కో, వాసబి ఉన్నాయి. చలికాలం కరీబియన్‌కి పోయి కంటాయి, అక్కడ తల్లులు దాదాపు ఏమీ తినవు, ఎండాకాలానికి పిల్లల్ని వెంటేసుకుని ఇక్కడికొస్తాయి. వాసబి అంటే ఏందని అమ్మ అడిగింది. చెప్పాను. "మనోళ్లయితే పచ్చిమిర్చి అని పెట్టెటోళ్లు," అంది. మైలాంబ రాయించిన వంశం గుర్తొచ్చింది నాకు. అక్కడ రాతి మీద, ఇక్కడ తోకల ఫోటోల్లో.

"మరి గీ పిల్ల పేరేంది?"

అడిగి చెప్పాను. దీనికింకా పేరు లేదు. తల్లి దగ్గర ఏడాది ఉంటుంది. తర్వాత ఒక్కతే తిరిగొస్తే అప్పుడు పెడతారు.

"రాకుంటే?"

ఈసారి గైడ్‌ని అడగలేదు. వలల తాళ్లు చుట్టుకుంటాయి, ఓడలు గుద్దుతాయి. ఓడల దారిని 2007లో కొంచెం పక్కకి జరిపారు, అయినా గుద్దుతాయి. అదంతా నేను చదివిందే. తెలియదన్నాను.

నాన్న 2021 మేలో పోయాడు. ఇండియా నుంచి వచ్చేవాళ్లను అమెరికా ఆపేసిన నెల అది. పోతే తిరిగి రాలేను, ఉద్యోగం పోతుంది అనుకున్నాను. పోవద్దని ఎవరూ అనలేదు, ఆ నిర్ణయం నాదే. వీడియో కాల్‌లో చూశాను. మధ్యలో సిగ్నల్ పోయింది. ఆ సంగతి అమ్మ అప్పుడు ఎత్తలేదు, ఇక్కడికొచ్చిన రెండు నెలల్లోనూ ఎత్తలేదు. పడవలో అడిగింది ఒకటే.

"పెద్దయినంక తల్లి కనబడితే గుర్తుపడ్తదా బిడ్డా?"

ఇది మళ్లీ గైడ్‌ని అడగాల్సొచ్చింది. తల్లి చూపించిన చోటికే ఏటా వస్తాయట, కానీ మళ్లీ కలిసి తిరగడం అరుదట. అమ్మ తలూపింది. "జాగ మరవదన్నట్టు," అంది, తోక మునిగిన చోట నీళ్లు ఇంకా నున్నగా ఉంటే అటే చూస్తూ.

తిరుగు ప్రయాణంలో నా భుజం మీద నిద్రపోయింది. ఆ శనివారమే ఆమె ఫ్లైటు.

మొన్న ఆగస్టులో ఫోన్ చేసి చెరువు అలుగు పారుతోందని చెప్పింది. చెరువు కింద మాకున్న ఎకరంన్నరలో నాట్లయిపోయాయట. కూలీ రేట్లు, కోతుల గొడవ అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అడిగింది.

"ఆ పిల్లకు పేరు వెట్టిండ్రా?"

ఇంకా కనుక్కోలేదమ్మా అన్నాను.