ఊపిరిపై చూపు

శస్త్రచికిత్సకు సిద్ధపడువారిలో పలువురు కత్తికంటె మత్తుకే ఎక్కువ వెఱతురు. తుంగతుర్తినుండి సూర్యాపేట ఆసుపత్రికి పోవు రైతు సైతము మరల మెలకువ వచ్చునాయని వైద్యుని అడుగును. ఆ ప్రశ్న క్రొత్తది కాదు. దానికి సమాధానము వెదకుటలో మన హైదరాబాదునకును పాలు కలదు.

1847లో ఎడింబరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. బాధ ఎఱుగక రోగులు నిదురించిరి, వైద్యులు సంతసించిరి. కాని మరుసటి యేడే ఇంగ్లండులో, కాలిగోరు తీయించుకొనుటకు వచ్చిన పదునైదేండ్ల బాలిక ఆ మత్తులోనే కన్నుమూసెను. ఈ మందు ముందుగా ఆపునది గుండెనా, ఊపిరినా? వైద్యలోకమున ఈ వివాదము దశాబ్దములపాటు సాగెను.

హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డు లారీ, ఊపిరియే ముందు ఆగునని నమ్మెను. 1888లో ఇచట ఒక సంఘము పరీక్షలు జరిపి అట్లే తేల్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక ఒప్పుకొనలేదు. అంతట ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము వేయి పౌండ్లు వెచ్చించి, ఆ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ అను పండితుని 1889లో రప్పించెను. వందలకొలది మూగజీవులు ఆ పరీక్షలకు బలియయ్యెను. తీర్పు లారీ పక్షముననే వచ్చెను.

అయినను సత్యము అంత సులభముగా లొంగలేదు. మత్తు పలుచగా నున్నపుడు క్లోరోఫారము గుండె లయను ఒక్కుమ్మడి చెఱుపగలదని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. లారీ వాదమున సగమే నిజమని తేలెను. కాని రోగి ఊపిరిని ఏమరక కనిపెట్టవలెనను ఆయన బోధ వ్యర్థము కాలేదు.

నేడు ఆ పనికి పల్స్ ఆక్సీమీటరు తోడ్పడుచున్నది. జపాను దేశీయుడు తాకువో అవోయాగి 1974లో ప్రకటించిన సూత్రముపై అది పనిచేయును. వ్రేలిగుండ వెలుగును ప్రసరింపజేసి, రక్తములో ప్రాణవాయువు ఎంత కలదో తెలుపును.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సకై 19 అంశముల పట్టికను వెలువరించెను. రోగి ఎవరు, కోయవలసిన చోటు ఏది, ఆక్సీమీటరు పనిచేయుచున్నదా, వాడిన సూదులు, గుడ్డలు లెక్కకు వచ్చినవా యని అందఱు వినునట్లు చదివి సరిచూడవలెను. ఢిల్లీతోసహా ఎనిమిది నగరముల ఆసుపత్రులలో దీనిని పరీక్షింపగా మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో వెల్లడియయ్యెను.

ఆ పట్టికలో వైద్యులెఱుగని విషయ మొక్కటియు లేదు. ఎఱిగినదానినే మనుజుడు మఱచును. అందుచేత నూఱు చికిత్సలు చేసిన చేయియైనను, నూటొకటవదానికి ముందు ఆ పట్టికను చదువవలసినదే.