పిల్లలమర్రి దగ్గర పండుటాకు

బస్సు షాద్‌నగర్ దాటాక కిటికీ నిండా వరి చేలే. యాసంగి పంట కోతకొచ్చింది. మడులన్నీ ఒక్కసారే పసుపెక్కాయి. చూసేవాళ్లకు ఎండిపోతున్నట్టే ఉంటుంది కానీ, ఆ ఆకులకు చేతినిండా పని. తమలోని పత్రహరితాన్ని, ప్రొటీన్లను విడగొట్టి నత్రజనిని కంకికి పంపుతుంటాయి. గింజ నిండాక మొక్క మొత్తం చనిపోతుంది. మర్రి మాత్రం ఆకులన్నీ రాల్చుకుంటూనే వందల ఏళ్లు బతుకుతుంది. ఎలా? ఆ ఆలోచనతోనే పాలమూరు (మహబూబ్‌నగర్) బయల్దేరాను.

మహబూబ్‌నగర్‌లో దిగి ఆటో ఎక్కితే పిల్లలమర్రి నాలుగు కిలోమీటర్లు. దాదాపు మూడెకరాల్లో పరుచుకున్న ఈ మాను వయసు ఏడు వందల ఏళ్లని చెబుతారు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడడంతో సందర్శకులను ఆపేశారు. మానును చెదలు తొలిచేస్తున్నాయని తేలింది. 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, నీళ్లలో కలిపిన క్లోర్‌పైరిఫాస్‌ను చుక్క చుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు దిమ్మెలు కట్టారు, ఊడలను పైపుల గుండా నేలకు దింపారు. నేను వెళ్లినప్పుడు కంచె ఇవతలి నుంచే చూడాల్సి వచ్చింది.

పక్కనే నిలబడ్డ ఒక తాత అన్నాడు: “చిన్నప్పుడు ఈ ఊడలు పట్కొని ఊగినం బిడ్డా. ఇప్పుడు దూరంకెల్లి చూసుడే. మంచిగైంది, దాన్ని పాణంగ ఉండనియ్యాలె.”

కంచె పక్కన రాలిన ఆకు ఒకటి తీశాను. మధ్యమధ్య పసుపు, ఈనెల వెంట ఇంకా పచ్చదనం. పోషకాలు వెనక్కి వెళ్లే దారి ఈనెలే కాబట్టి ఆకు వాటిని చివరిదాకా బతికించుకుంటుంది. తొడిమ కొసన చీలిక లేదు, నున్నటి గుండ్రటి మచ్చ ఉంది. పచ్చి ఆకు తుంపితే కారే పాలు అక్కడ లేవు. చెట్టు ఆ ఆకు దగ్గర తీసుకోవలసినదంతా తీసుకుని, దారి మూసి సాగనంపింది.

సాగనంపే జన్యువులు లేత చిగురులోనూ ఉంటాయి. వాటి నిద్రనూ మెలకువనూ నడిపించేవి ఎపిజెనెటిక్ గుర్తులు. డీఎన్ఏ హిస్టోన్లనే ప్రొటీన్లకు చుట్టుకుని ఉంటుంది. ఆ హిస్టోన్ల మీద ఎక్కడ ఏ మిథైల్ గుర్తు పడిందన్నదాన్ని బట్టి జన్యువు మేలుకోవడమో, మౌనంగా ఉండడమో జరుగుతుంది. ఆవాల కుటుంబంలోని అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దీన్ని లోతుగా చూశారు. ఆకును పండించే జన్యువుల్లో ముఖ్యమైనది డబ్ల్యూఆర్‌కేవై53. దాన్ని మేల్కొలిపే గుర్తులను జేఎంజే16 అనే ఎంజైము చెరిపేస్తుంటుంది. ఆకు వయసు పెరిగేకొద్దీ ఆ ఎంజైము తగ్గుతుంది, గుర్తులు పేరుకుంటాయి, ఆకు పండుతుంది. జేఎంజే16 లేని మొక్కల్లో ఆకులు తొందరగా పండిపోయాయని 2019లో వెల్లడైంది.

మరి మాను సంగతి? చైనాలో 15 నుంచి 667 ఏళ్ల వయసున్న జింకో చెట్లను పరిశీలించి, 2020లో ఫలితాలు ప్రకటించారు. కాండాన్ని లావెక్కించే కేంబియం పొరలో, ముసలి చెట్లలో కూడా, వృద్ధాప్యపు జన్యువులు విజృంభించలేదు. మర్రికి దీనికితోడు ఊడల బలముంది. హౌరా వృక్షోద్యానంలోని మహావటానికి తెగులు సోకి మూలకాండాన్ని 1925లో తీసేశారు. ఊడల మీదే అది ఇప్పటికీ విస్తరిస్తోంది.

పిల్లలమర్రి ముందు నిలబడితే ఈ తేడా కళ్లకు కడుతుంది. ఆకు గడువు ఆకులోనే రాసి ఉంది. మానును కూలదోసేవి మాత్రం చెదలు, తొక్కిడి, కొమ్మలెక్కి ఊగే మన సరదా. అన్నీ బయటివే, అన్నీ ఆపదగినవే. “ముసలిదైంది, పోతుందిలే” అని ఇలాంటి చెట్టును వదిలేయడం తప్పు. దానికి వైద్యం చేసిన చేతులకు మొక్కాలి. కంచె అవతలికి రావద్దంటే మనం ఆగాలి. దాని ఆయుష్షుకు మనం చేయగల సాయం అదే.