కట్ట కింది చేపల హోటల్: పొయ్యి కాడ ఎవరు?



రాజ్యాంగంలో 15(2) అధికరణం ఒకసారి తీసి చూడండి. అందులో రెండు ముక్కలున్నాయి. మొదటి దాంట్లో దుకాణాలు, హోటళ్ళు. రెండో దాంట్లో బావులు, చెరువులు, స్నానఘట్టాలు. కులం పేరు చెప్పి ఈ చోట్లకు ఎవర్నీ రాకుండా ఆపొద్దని దాని సారాంశం. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవ్‌దార్ చెరువు నీళ్ళు తాగిన పోరాటం మనకు తెలిసిందే.

చెరువూ హోటలూ ఒక్కచోట కలిసే జాగ మన దిక్కు కట్ట కింద కనిపిస్తది. పరదా కింద నాలుగు బల్లలు, పెద్ద పెనం, ఇంటిల్లిపాదీ పని. బొచ్చె వేపుడు, కొర్రమట్ట పులుసు. ఆదివారమైతే కూర్చోను సందుండదు.

బయ్యారం పెద్దచెరువు గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ తవ్వించిందని శాసనం చెప్తది. భూపాలపల్లి దిక్కు గణపసముద్రం కూడా కాకతీయుల నాటిదే. తట్ట మోసినోళ్ళ పేర్లు శాసనాలకు ఎక్కలే. తూము తీసి, చివరి మడి దాకా నీళ్ళు పారించిన నీరడి చాలా ఊళ్ళల్ల మాలో, మాదిగో. చేపల మీద హక్కు మత్స్యకార సంఘాలది. ముదిరాజుల, గంగపుత్రుల కష్టం మీద నాకు పేచీ లేదు. నా ప్రశ్న వల గురించి కాదు, పొయ్యి గురించి.

మొన్న మహబూబాబాద్ జిల్లాలో ఒక కట్ట కింద మా విద్యార్థులతో తింటున్న. పెద్దమ్మ మసాలా నూరుతున్నది, కోడలు వేపుతున్నది, కొడుకు ముక్కలు కొడుతున్నడు. గల్లా కాడి పెద్దమనిషి మాటల్ల మాటగా అడిగిండు: "మీరెవలు సారూ?"

"మాదిగోళ్ళం."

"అట్లనా. పులుసు ఇంకింత పోయాల్నా?" అని గిన్నె జరిపిండు. మర్యాదగనే ఉన్నడు. అప్పుడు మా పిల్లల్లో ఒకామె మెల్లగా అన్నది: "సార్, మా అమ్మ పులుసు దీనికంటే బాగుంటది. మేం పెడితే వీళ్ళొచ్చి తింటరా?"

అసలు సంగతి ఇదే. మన పైసలకు కులం లేదు, గల్లాలో పడతయ్. మన చేతి కూరకు మాత్రం కులముంది. 15(2) మనల్ని వాళ్ళ హోటల్లోకి పోనిస్తది. వాళ్ళను మన హోటల్లోకి తెచ్చే అధికరణం ఏదీ లేదు.

కొల్హాపూర్‌లో గంగారాం కాంబ్లే సంగతి యాది చేసుకోండి. రాజుగారి గుర్రపుశాలలో పనిచేసే మహార్ మనిషి. పై కులాల నీళ్ళ తొట్టి ముట్టుకున్నడని కొట్టిన్రు. శాహూ మహరాజ్ సాయంతో టీ హోటల్ పెట్టిండు. జనం రాలే. మహరాజే బండి ఆపి అక్కడ టీ తాగిండు. పెట్టుబడి ఇచ్చుడు ఒక పని, వచ్చి తాగుడు ఇంకో పని. రెండూ చేస్తేనే ఆ హోటల్ నిలబడ్డది.

మన కాలంలోనూ ఒక దారి ఉంది. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం వండే పనిలో ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. అంటే మన చేతిలో గరిటె పెట్టుడు కూడా అంటరానితనం మీద పోరాటమేనని ఒప్పుకున్నట్టే. బడిలో చెల్లిన న్యాయం కట్ట మీద ఎందుకు చెల్లదు? సర్కారు పైసలతో బాగుచేసిన చెరువుల కాడ ఇచ్చే దుకాణాల్లో దళిత మహిళా సంఘాలకు వాటా అడుగుదాం. దేవాదుల నీళ్ళతో నిండిన జనగామ చెరువుల కాడికెళ్ళే మొదలుపెడదాం. ఆ హోటల్ బోర్డు మీద వండే తల్లి పేరే ఉండాలె. మనం పోయి తిందాం, మన బీసీ, ఓసీ దోస్తులను కూడా తీసుకపోదాం. "మేం కులం చూడం" అనేటోళ్ళ మాట విస్తరి ముందే తేలుతది.

ఈ వారం మీ ఊరి కట్ట కాడ దుకాణాలెన్ని, అందులో మనోళ్ళవి ఎన్ని, లెక్క రాసి పంపండి. వచ్చే భాగం ఆ లెక్కతోనే.