బొంగు చికెన్, సూ వీడ్, మా హాస్టల్ సాంబారు

పోస్టు కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

ఈమధ్య మన గ్రూపులో బొంగు చికెన్ ఫొటో ఒకటి బాగా తిరిగింది. కింద "ఫ్రెంచ్ వాళ్ళ సూ వీడ్ మన తాతలకి ఎప్పుడో తెలుసు" అని రాసుంది. అసలు ఈ సూ వీడ్ ఏంటో చేసి చూడాలని మా రూమ్‌లో నలుగురికీ అనిపించింది. ముగ్గురం మైక్రోబయాలజీ, ఒకడు కెమిస్ట్రీ. నలుగురి ఇళ్ళలోనూ కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. మా ఊరి అన్న ఒకరు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి విశాఖలో ఒక పెద్ద హోటల్ వంటింట్లో పని చేస్తున్నారు. దానికి కావాల్సిన మెషీన్ ఆయన సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నారు. వరసగా మూడు ఆదివారాలు ఆయన అద్దె గదిలోనే మకాం వేశాం.

ఆ మెషీన్ పేరు ఇమ్మర్షన్ సర్క్యులేటర్. మూరెడు గొట్టంలా ఉంటుంది, గిన్నె అంచుకి తగిలిస్తారు. లోపల హీటరు, నీళ్ళు తిప్పే చిన్న రెక్క, వేడి కొలిచే సెన్సారు. 63 డిగ్రీలు అని పెడితే నీళ్ళు 63 దగ్గరే గంటలకొద్దీ నిలబడతాయి. నీళ్ళు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి గిన్నెలో ఏ మూల చూసినా ఒకటే వేడి. మనం బకెట్లో పెట్టే రాడ్డుకి చదువుకున్న తమ్ముడు అనుకోండి. అలాగని రాడ్డుతో ఇది ప్రయత్నించకండి. దానికి ఎక్కడ ఆగాలో తెలీదు, పైగా షాక్ కొడుతుంది.

మా ల్యాబ్‌లో వాటర్ బాత్ చేసేది కూడా ఇదే పని. నిజానికి ఈ సర్క్యులేటర్లు ముందు ల్యాబుల్లోనే ఉండేవి, వంటవాళ్ళు అక్కణ్ణుంచి తెచ్చుకున్నారు. సూ వీడ్ అంటే ఫ్రెంచ్‌లో "శూన్యం కింద" అని, అంటే గాలి తీసేసిన సంచిలో వంట. 1974లో ఫ్రాన్స్‌లో రోవాన్ అనే ఊళ్ళో త్రోగ్రో వాళ్ళ రెస్టారెంట్ కోసం జార్జ్ ప్రాలూ అనే వంటాయన ఇది మొదలుపెట్టారు. వాళ్ళకి ఖరీదైన బాతు కాలేయం వండితే కొవ్వు కరిగిపోయి బరువు బాగా తగ్గిపోయేది. సంచిలో చుట్టి తక్కువ వేడి మీద వండితే నష్టం తగ్గింది. బ్రూనో గూసో అనే శాస్త్రవేత్త ఏ మాంసానికి ఎంత వేడి, ఎంతసేపు అని లెక్కలు కట్టి వంటవాళ్ళకి నేర్పారు. ఇళ్ళలో వాడుకునే చిన్న మెషీన్లు వచ్చింది మాత్రం గత పదిహేనేళ్ళలోనే.

మొదటి ఆదివారం గుడ్లు. పెంకుతోనే 63 డిగ్రీల నీళ్ళలో గంటసేపు ఉంచాం. పగలగొడితే తెల్లసొన ఇంకా వదులుగా, వణుకుతూ ఉంది, పచ్చసొన మాత్రం తేనెలా చిక్కబడింది. మామూలుగా ఉడికించినప్పుడు అయ్యేదానికి ఇది తిరగబడినట్టు. పచ్చసొన 65 దాటేసరికి గట్టిపడుతుంది, తెల్లసొనలో పెద్ద భాగం బాగా గట్టిపడాలంటే 80 దాకా వెళ్ళాలి. మరిగే నీళ్ళలో వేడి బయట్నుంచి వస్తుంది కాబట్టి తెల్లసొన ముందు ఉడుకుతుంది, మనకి తేడా తెలీదు. మా కెమిస్ట్రీ వాడు మాత్రం "ఇది పచ్చి గుడ్డే" అని తన వాటా పెనం మీద వేసుకుని మళ్ళీ వేయించుకున్నాడు.

రెండో ఆదివారం కోడి రొమ్ము ముక్కలు. హాస్టల్లో ఆ ముక్క వస్తే కొబ్బరి పీచు నమిలినట్టుంటుంది, మీకూ తెలుసు. గాలి తీసే మెషీన్ లేదు. అన్న జిప్ సంచిలో ముక్కలు వేసి, మూతి కొంచెం తెరిచి మెల్లగా నీళ్ళలోకి దింపారు. నీళ్ళ ఒత్తిడికి గాలి దానంతటదే బయటికి పోయింది, అప్పుడు మూతి నొక్కేశారు. 62 డిగ్రీలు, గంటన్నర. ఆ వేడికి అల్లం వెల్లుల్లి ఉడకదు, పచ్చివాసన వస్తుంది అని అన్న ముందే చెప్పారు. ఎంత తేడా ఉంటుందో చూద్దామని ఒక సంచిలో పచ్చి ముద్ద, ఇంకోదాన్లో నూనెలో వేయించిన ముద్ద వేశాం. మొదటిది ముక్కు దగ్గర పెట్టుకోలేకపోయాం. రెండోది, ఏం చెప్పాలి, కోడి రొమ్ములో అంత రసం ఉంటుందని మాకు ఇరవై ఏళ్ళకి తెలిసింది! చూడ్డానికి మాత్రం తెల్లగా, జబ్బు పడ్డట్టు ఉంటుంది. ఆ వేడిలో ముక్క ఎర్రబడదు, అందుకే చివర్లో బాగా కాలిన పెనం మీద నిమిషం పాటు రెండు వైపులా కాల్చాలి.

మూడో ఆదివారం ఊరి నుంచి తెచ్చిన నాటు కోడి. కొండలెక్కి తిరిగిన కాళ్ళు అవి. 65 దగ్గర రెండు గంటలు ఉంచితే రబ్బరు. గట్టి మాంసం ఈ పద్ధతిలో మెత్తబడాలంటే అందులో పీచు కరగాలి, దానికి రోజంతా పట్టొచ్చు. సరే అని వేడి పెంచి వదిలేశాం. ఐదో గంటలో కరెంటు పోయింది. నీళ్ళు 60 కిందికి దిగకముందే అన్న కోడిని కుక్కర్లో వేసేశారు. ఆరు విజిల్స్. నాటు కోడికి కుక్కరే సరి అని మా నలుగురి తీర్పు.

ఇక బొంగు చికెన్ సంగతి. అన్న దగ్గర మాంసంలోకి గుచ్చి వేడి చూసే సూది థర్మామీటర్ ఉంది. ఇటుకల పండక్కి ఇంటికెళ్ళినప్పుడు దాన్ని పట్టుకెళ్ళాం. మా ఊరు అరకు పక్కన, సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. పెదనాన్న నిప్పుల మీద బొంగు తిప్పుతుంటే ఆకుల మూతి పక్కనుంచి సూది దింపాం. 96, 97. లోపల ముక్క తన నీళ్ళలో తనే మరుగుతోంది. సూ వీడ్‌లో అసలు మరగడమే ఉండదు, అదే దాని గుట్టు. కాబట్టి బొంగు చికెన్ సూ వీడ్ కాదు.

కాదంటే తక్కువని కాదు. పచ్చి బొంగులో తడి ఉన్నంతసేపు లోపల మాడదు, ఆకుల మూతి అవసరమైనంత ఆవిరిని వదులుతుంది, బొంగు వాసన ముక్కకి పడుతుంది. ఎప్పుడు దించాలో పెదనాన్న మూతి దగ్గర ఆవిరి వాసన చూసి చెప్తారు, సూది చూసి కాదు. దీనికి ఇంకొకళ్ళ పేరు తగిలిస్తేనే గౌరవం వస్తుందంటే మాకు నచ్చలేదు. పోలికే కావాలంటే చేదు దుంపల్ని చూడండి. తరిగి, తట్టలో వేసి, రాత్రంతా పారే ఏట్లో ఉంచేవాళ్ళు కదా మన అవ్వలు. నిలవ నీళ్ళయితే మాటిమాటికీ మార్చాలి. నీళ్ళు తిరుగుతూ ఉంటే పని ఎలా జరుగుతుందో వాళ్ళకి తెలుసు.

ఆ మెషీన్ కొనే స్తోమత మాకు లేదు, ఇప్పట్లో కొనం కూడా. కానీ దాని వెనక ఉన్న లెక్క మాత్రం హాస్టల్‌కి తెచ్చుకున్నాం. పాలు 63 దగ్గర 30 నిమిషాలు, 72 దగ్గర 15 సెకన్లు అని పరీక్ష కోసం బట్టీ పట్టిందే అది. క్రిములు చావడానికి వేడి ఒక్కటే చాలదు, ఎంతసేపు అన్నది కూడా కావాలి. అందుకే 62లో కోడి పచ్చిగా ఉండదు. ఇదే లెక్కని తిరగేస్తే, 5 నుంచి 60 డిగ్రీల మధ్య తిండి గంటలకొద్దీ ఉంటే క్రిములు పెరుగుతాయి. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా విత్తనాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా మిగిలితే మేలుకుని విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

మేముండే హాస్టల్లో రాత్రి భోజనం నాలుగున్నరకి వండేస్తారు, ఎనిమిదికి పెడతారు. పోయినేడు ఒక రాత్రి పదిహేను మందికి వాంతులయ్యాయి. "పడలేదు" అన్నారు, అయిపోయింది. ఈసారి తలా కొంత వేసుకుని సూది థర్మామీటర్ కొన్నాం. వంట అక్కని అడిగి, రెండు వారాలు ఎనిమిదింటికి కొలిచి నోట్‌బుక్‌లో రాశాం. అన్నం గిన్నె మధ్యలో 52, అంచున 38. సాంబారు 46. కోడిగుడ్డు కూర ఒకరోజు 41. అక్క ఆ అంకెలు చూసి, "చల్లారిపోతాదని మాకు తెల్దా బాబూ, మళ్ళీ పెట్టడానికి పొయ్యేదీ?" అంది. నిజమే. మూడు పొయ్యిల్లో వెలిగేది ఒకటే, వంటకి ఇద్దరే మనుషులు.

నోట్‌బుక్ తీసుకుని నలుగురం కాదు, ఇరవై మందిమి వెళ్ళి వార్డెన్ సార్‌ని కలిశాం. ముందు నవ్వారు, తర్వాత పేజీలు తిరగేశారు. నెల తర్వాత రెండో పొయ్యి బాగయింది. ఇప్పుడు అన్నం రెండు విడతలుగా, రెండోది ఏడుకి వండుతున్నారు. సాంబారు పెట్టే ముందు మరిగిస్తున్నారు. మొన్న మంగళవారం అన్నం 74, సాంబారు 80. మూడో పొయ్యి ఇంకా అలాగే ఉంది.

మీ హాస్టళ్ళలో కూడా కొలవండి. సూదిని ముందు మరిగిన నీళ్ళలో ముంచి తుడవండి, గిన్నె అడుగుకీ అంచుకీ తగలనివ్వకండి, అంకె నిలబడేదాకా ఆగండి. వండిన టైము, పెట్టిన టైము, వేడి, మూడూ రాసి ఇక్కడ పెట్టండి. వంట అక్కల పేర్లు మాత్రం రాయొద్దు.