పనికి అక్కర్లేని భాష

స్పెయిన్ ఆగ్నేయ మూలన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న అల్మెరియాలో మా కాపురం. మా ఆయన ఈ ఊరికి ఉత్తరాన తబెర్నాస్ ఎడారిలో సౌరశక్తి మీద పరిశోధన చేస్తారు. నేనున్నది ఇక్కడైనా నా ఉద్యోగం హైదరాబాద్‌లోనే. వేసవిలో రెండుచోట్లకూ మూడున్నర గంటల తేడా. అక్కడ తొమ్మిదిన్నరకు మీటింగ్ అంటే నాకు పొద్దున ఆరు. మధ్యాహ్నం రెండున్నరకు నా పని ముగిసేసరికి ఊళ్ళో చిన్న కొట్లన్నీ మూసేసి జనం భోజనాలకు పోయి ఉంటారు. ఐదు దాటాక మళ్ళీ తలుపులు తీస్తారు. అప్పటినుంచి రాత్రి పది దాకా పిల్లా పెద్దా అంతా వీధుల్లోనే.

నా పని తెలుగులో, ఇంగ్లీషులో సాగిపోతుంది. స్పానిష్ ఒక్క ముక్క రాకపోయినా జీతం తగ్గదు. అద్దె ఫోన్‌లో కట్టేయొచ్చు. సూపర్‌మార్కెట్‌లో నోరు విప్పకుండా సరుకులు తెచ్చుకోవచ్చు. డాక్టర్ ముందు ఫోన్ పెట్టి అనువాదం చేయించుకోవచ్చు. ఇట్లా ఏళ్ళకు ఏళ్ళు గడిపేస్తున్నవాళ్ళు స్పెయిన్‌లో కొల్లలు. 2022 చివర్లో వచ్చిన స్టార్టప్ చట్టం, బయటిదేశాల కంపెనీలకు ఇక్కడ కూర్చుని పనిచేసేవాళ్ళకు ప్రత్యేక వీసా ఇచ్చింది. 2024లో బార్సిలోనా, మాలగా లాంటి ఊళ్ళలో ఇళ్ళ అద్దెలు మోయలేక జనం రోడ్డెక్కారు. బయటివాళ్ళు పెద్ద జీతాలతో వచ్చి ఇళ్ళు పట్టుకుంటారు, మా మధ్యే ఉంటూ మాతో మాట్లాడరు అనే మాట ఇక్కడ తరచూ వింటాను. ఆ బాధలో న్యాయం ఉంది.

ఉద్యోగానికి అక్కర్లేని భాషతో నీకెందుకీ అవస్థ అని మా టీమ్‌లో పిల్లలు అడుగుతుంటారు. ఒక ఊరి నీళ్ళు తాగుతూ ఆ ఊరి మాట రాకుండా ఉండటం నాకు మర్యాదగా తోచదు. ఈ అభిప్రాయం నాకు స్పెయిన్‌లో కలిగింది కాదు. కడప, కర్నూలు జిల్లాల్లో పెరగడం వల్ల వచ్చింది.

మాది మైదుకూరు పక్కన పల్లె. కర్నూలు–కడప కాలువ కింద మా పొలం. మా చిన్నమ్మను రాయచోటి ఇచ్చారు. ఆ వైపు, రాజంపేట వైపు, కువైట్‌కు పోనివాళ్ళున్న వీధి కనబడదు. చిన్నమ్మ కూడా పోయింది, ఇంటిపనికి. వెళ్ళేనాటికి ఆమెకు తెలుగు తప్ప మరో భాష లేదు. చదువు ఐదో తరగతి. అరబ్బీ నేర్పడానికి పుస్తకం లేదు, పంతులు లేడు. వంటింట్లో మేడమ్ వేలు చూపించి చెప్పే పేర్లు, పిల్లలు ఏడుస్తూ అడిగే మాటలు, డ్రైవర్ల దగ్గర విన్న ముక్కలు. వాటితోనే ఏడాది తిరక్కముందే ఇల్లంతా నడిపింది. "రాకపోతే కూడు లేదు పాపా, అట్లయితే ఎవురికైనా వస్తాది" అంటుంది ఇప్పటికీ.

ఒకరోజు వీడియో కాల్‌లో ఆమెకు నా సరుకులు చూపిస్తూ స్పానిష్‌లో పేర్లు చెబుతున్నాను. ఆలివ్ నూనె సీసా ఎత్తి "అథెయ్తె" అన్నాను, ఆలివ్ కాయలను "అథెయ్తూనా" అన్నాను. "జైత్, జైతూన్ అంటాండావా?" అని ఆపింది. వెనక మంచం మీది దిండు చూపిస్తూ అదేంటని అడిగింది. "అల్మొఆదా" అన్నాను. "అది మా మఖద్దానే!" అని ఒకటే నవ్వు. అరబ్బులు దక్షిణ స్పెయిన్‌ను శతాబ్దాల పాటు ఏలారు, ఈ మాటలు వాళ్ళ నుంచి వచ్చినవే. అల్మెరియా కోటను పదో శతాబ్దంలో కట్టించింది కార్డోవా ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్. ఆ చరిత్ర నేను పుస్తకంలో చదువుకున్నాను. చిన్నమ్మ చెవితో పట్టేసింది. మా ఇంట్లో పరాయి భాషను పట్టుదలగా గెలిచిన మొదటి మనిషి ఆమె. నా చదువు ఆ తర్వాతది.

మన రాయలసీమలో ఇట్లా భాషలు పట్టుకోవడం వింతేమీ కాదు. ఆదోని పత్తి మార్కెట్‌లో ఒకే బేరం తెలుగులో మొదలై కన్నడంలోకి పోయి ఉర్దూలో తెగుతుంది. మంత్రాలయంలో పూలమ్మే ఆమెకు మనిషిని చూడగానే ఏ భాషలో పిలవాలో తెలుసు. నేను ఇంజినీరింగ్ చదివిన రోజుల్లో కర్నూలు పాతబస్తీలో టీ తాగుతూ ఉర్దూ తెలుగు కలగలిసిన కబుర్లు ఎన్ని విన్నానో. వీళ్ళెవరూ భాషలు నేర్చుకున్నామని చెప్పుకోరు. నలుగురితో బతకాలంటే నలుగురి మాటా రావాలనుకున్నారు, అంతే.

పరాయి భాషను పట్టుకున్న ఇంకొకాయన కడపలో ఉండేవాడు. 1817లో మద్రాసులో ఓడ దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు దిద్దుకుని, 1820లో కలెక్టరుకు సహాయకుడిగా కడపకు వచ్చాడు. అప్పటికి 21 ఏళ్ళవాడు. కచేరీ పని నడవాలంటే తెలుగు రాక తప్పదు. అక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు ఈరోజు కడపలో ఎవరికీ తెలిసేది కాదు. 1826లో మళ్ళీ కడపకు వచ్చాక బంగళా కొని, సొంత డబ్బుతో పండితులనూ లేఖకులనూ పెట్టుకుని తాళపత్రాలకు మంచి ప్రతులు రాయించాడు. వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. రెండేళ్ళకు, వాడుకలో తెలుగుతో కలిసిపోయిన ఉర్దూ, పారసీ, ఇంగ్లీషు మాటలకు విడిగా మరో నిఘంటువు వేశాడు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల ఆ బంగళా ఉన్న చోటే బ్రౌన్ గ్రంథాలయం లేచింది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం.

బ్రౌన్ ఏలడానికి వచ్చినవాడు. మా చిన్నమ్మ ఒకరింట్లో పనిచేయడానికి వెళ్ళింది. నేను ఆ రెండూ కాదు. నన్ను ఎవరూ బలవంతపెట్టరు, నాకు ఏ అధికారమూ లేదు. కానీ బ్రౌన్ జీవితంలో నాకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కచేరీకి కావలసిన తెలుగు కచేరీతోనే పోయింది. దానికి మించి ఆయన నేర్చుకున్నదే మనకు మిగిలింది.

అందుకే సాయంత్రాలు ఇక్కడి ప్రభుత్వ వయోజన విద్యాకేంద్రంలో స్పానిష్ తరగతికి వెళ్తాను. ఈ జిల్లాలో 30 వేల హెక్టార్లకు పైగా ప్లాస్టిక్ కప్పిన సాగు ఉంది. టమాటా, దోస, మిరప, పుచ్చ, అన్నీ ఆ పందిళ్ళ కిందే పండి యూరప్ అంతటికీ పోతాయి. ఆ పందిళ్ళలో పనిచేసే మొరాకోవాళ్ళు, సెనెగల్‌వాళ్ళు నా తోటి విద్యార్థులు. నా పక్కన కూర్చునే మొరాకో అతని వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ ముదురాకుపచ్చ మరక కనిపిస్తుంది, నల్లగా తిరిగి. టమాటా చెట్ల పసరు అది. పత్తికొండ వైపు టమాటా కోసే కూలీల చేతులు చూసినదాన్ని కాబట్టి అడక్కుండానే గుర్తుపట్టాను. సబ్బుతో పోదు. అతనికి మేస్త్రీ ఎంత వేగంగా మాట్లాడినా అర్థమవుతుంది, కానీ మునిసిపాలిటీలో ఇచ్చే నివాస నమోదు కాగితం నింపలేడు. నేను కాగితం చకచకా నింపగలను, మేస్త్రీ మాట్లాడితే నోరు తెరిచి చూస్తాను. కాగితాలు నేను చదివిపెడతాను, మాట్లాడే పాఠం అతను చెబుతాడు. తరగతిలో నాకు అందరికన్నా ఎక్కువ నేర్పింది అతనే.

తెలుగువాళ్ళకు స్పానిష్‌లో కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. అచ్చులు మన అ, ఎ, ఇ, ఒ, ఉ లాగే నిలకడగా ఉంటాయి. త, ద పళ్ళకు తగిలే మన త, ద లే. గట్టి ర కు మన పాత ఱ ఉంది. క్రియ చివరే చేసేది ఎవరో చెప్పేస్తుంది కాబట్టి, మనం "వస్తాను" అన్నట్టే వాళ్ళూ "నేను" వదిలేస్తారు. నాకు కాఫీ ఇష్టం, నాకు తల నొప్పి అనే మన వాక్యాల తీరే అక్కడా ఉంది. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే తడబడతారు. మనం తెలుగు మీదుగా వెళితే దారి సాఫీ. నువ్వు, మీరు తేడా కూడా మనకు తెలిసిందే. కష్టమల్లా లింగంతో. బల్ల ఆడది, పుస్తకం మగది అంటే ఒప్పుకోవడానికి మన మనసుకు కొంతకాలం పడుతుంది. ఉండటానికి రెండు క్రియలు, కోరికకూ అనుమానానికీ వేరే క్రియారూపాలు, ఇవి ఓపికతో రావలసినవే.

దీనికి తోడు ఇక్కడి యాస. అల్మెరియావాళ్ళు మాట చివరి స్ మింగేస్తారు, దాని బదులు ముందున్న అచ్చును కాస్త తెరిచి పలుకుతారు. "మాస్ ఒ మెనోస్" అని పుస్తకంలో నేర్చుకుంటే వీధిలో "మా ఒ మెనో" అని వినబడుతుంది. ఒకటా అనేకమా అన్నది ఆ అచ్చులోనే పోల్చుకోవాలి. "యాడికి పోతాండావు" అనే ఊరినుంచి వచ్చినదాన్ని, నాకు ఇది అడ్డం కాలేదు. పుస్తకం ఒకటి చెబుతుందనీ, ఊరు తన పద్ధతిలో మాట్లాడుతుందనీ, ఊరి మాటకు తక్కువేమీ లేదనీ చిన్నప్పుడే తెలుసు.

తరగతి తర్వాత అసలు బడి మా వీధి చివర కూరగాయల కొట్టు. ఇక్కడ కొట్లో వరసగా నిలబడరు. లోపలికి వచ్చినవాళ్ళు "కియెన్ ఎస్ ఎల్ ఉల్తిమో?" అని, అంటే చివరగా వచ్చింది ఎవరని అందరినీ ఉద్దేశించి అడుగుతారు. ఒకరు చెయ్యెత్తుతారు. వాళ్ళ తర్వాత మన వంతు. తర్వాత వచ్చేవాళ్ళు అడిగినప్పుడు మనం చెయ్యెత్తాలి. నోరు విప్పనివాళ్ళకు వంతే రాదు. మొదట్లో భయంగా గొణిగేదాన్ని. ఇప్పుడు గొంతెత్తి అడుగుతాను, ముసలమ్మలు చెయ్యెత్తి, అట్లాగే కబుర్లలోకి లాగుతారు.

ఆ కబుర్లలో ముందుగా నాకు పట్టుబడింది వాన. ఈ ఊరికి ఏడాదికి 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే పడుతుంది. మన కరువు సీమకన్నా ఎంతో తక్కువ. మబ్బు పట్టి కురవకుండా పోయిన రోజు కొట్లో ఎవరి ముఖం చూసినా మా నాయన ముఖమే. కరువు, బావి, చుక్కనీటి సేద్యం, భూగర్భజలం ఉప్పగా మారడం, వీటికి స్పానిష్ మాటలు నేను ప్రయత్నించి నేర్చుకోలేదు. వినాలనిపించింది కాబట్టి వచ్చాయి. పులివెందుల వైపు చీనీచెట్లను బతికించుకోవడానికి ట్యాంకర్లతో నీళ్ళు పోశారని, బోరు మీద బోరు వేసి రైతులు అప్పుల పాలయ్యారని వచ్చీరాని స్పానిష్‌లో చెప్పినరోజు కొట్టు యజమాని త్రాసు వదిలేసి విన్నాడు. మనసులో ఉన్న విషయం చెప్పాలనుకుంటే భాష దానంతట అదే వెంట వస్తుంది.

స్పెయిన్‌కూ మన సీమకూ ఉన్న సంబంధం ఇక్కడివాళ్ళలో చాలామందికి తెలుసు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో అక్కడే కన్నుమూశాడు. ఆయన నెలకొల్పిన ఆర్డీటీ సంస్థ కట్టించిన ఇళ్ళు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి చూడనివాళ్ళు ఆ ప్రాంతంలో ఉండరు. స్పెయిన్‌లోని వేల కుటుంబాలు అనంతపురం పల్లెల్లో పిల్లల చదువుకు డబ్బు పంపుతూ వచ్చాయి. అనంతపురంలోనే ఆర్డీటీ విదేశీ భాషల పాఠశాల కూడా పెట్టింది. పల్లెలనుంచి డిగ్రీ చదివి వచ్చిన పిల్లలు అక్కడ స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్చుకుని ఉద్యోగాలకు పోయారు. మా పక్క జిల్లా పిల్లలు స్పెయిన్ మొహం చూడకుండానే స్పానిష్ మాట్లాడుతుంటే, స్పెయిన్‌లో ఇల్లు తీసుకున్న నేను నేర్చుకోనంటే ఎట్లా?

దూరం నుంచి పనిచేస్తూ పరాయి దేశంలో ఉంటున్న మనవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలనుంది. కొట్లో ఫోన్ బయటికి తీయొద్దు. పని ముగిశాక ఒక గంట తరగతికి, ఒక గంట వీధికి కేటాయించండి. కొత్త మాటలను తెలుగు లిపిలో రాసుకోండి, స్పానిష్ పలుకు ఇంగ్లీషు అక్షరాలకన్నా మన అక్షరాల్లో బాగా ఒదుగుతుంది. మీకు బాగా తెలిసిన విషయం ఒకటి ఎంచుకోండి, సేద్యమో వంటో క్రికెట్టో, ముందు దాని గురించి మాట్లాడటం నేర్చుకోండి. మీతోపాటు చదివే కూలీలతో స్నేహం చేయండి. కర్నూలు, కడప ఇంజినీరింగ్ కాలేజీల్లో అనంతపురంలో ఉన్నట్టు ఒక విదేశీ భాష ఇష్టమున్నవాళ్ళకు నేర్పితే, పిల్లలు విమానం ఎక్కే ముందే సగం దారి నడిచినట్టు.

బ్రౌన్ కడపకు ఇచ్చినంత మనం ఏ ఊరికీ ఇవ్వలేకపోవచ్చు. పక్కింటివాళ్ళ మంచీచెడూ వాళ్ళ మాటల్లోనే అడిగి తెలుసుకోగలిగితే చాలు. ఐదో తరగతి చదువుతో మా చిన్నమ్మ చేయగలిగిన పని అది. లక్షల జీతాలు తెచ్చుకుంటున్న మనకు అందుకు వీల్లేదంటే నేను ఒప్పుకోను.